ఫ్లై ఫిషింగ్ అంటే అసలేంటి? బెండు కడితే తప్పా? బ్రిటన్ రిజర్వాయర్లలో తెగని పంచాయితీ

ఇంగ్లండ్‌లో ట్రౌట్ చేపలు పెంచే రిజర్వాయర్ గట్టు మీదకు వెళ్తే చాలాచోట్ల ఓ బోర్డు కనిపిస్తుంది. 'ఫ్లై ఫిషింగ్ ఓన్లీ'. అంటే అక్కడ వానపాము గుచ్చి గాలం వేయకూడదు. పిండి ముద్దలు పెట్టకూడదు. చెంచాలా మెరిసే లోహపు ఎరలు విసరకూడదు. ఈకలు, బొచ్చు, దారంతో కట్టిన ఉత్తుత్తి పురుగుతోనే చేపను పట్టాలి. దాని పేరే ఫ్లై.

రూల్ సింపుల్‌గానే ఉంది కదా? కానీ ఆ బోర్డు పక్కనే ఒకాయన లైన్‌కు నారింజ రంగు బెండు కట్టి, అది ఎప్పుడు మునుగుతుందా అని చూస్తుంటాడు. ఇంకొకాయన ముల్లుకు ఏ పురుగులానూ లేని గులాబీ రంగు బంతి కడతాడు. వీళ్లను చూసి 50 ఏళ్లుగా అదే గట్టున చేపలు పడుతున్న మూడో ఆయన తల పట్టుకుంటాడు. 'ఇది ఫ్లై ఫిషింగే కాదు' అంటాడు. 'రూల్స్‌లో ఎక్కడ రాసుంది?' అని మిగతా ఇద్దరూ అడుగుతారు.

పారే నదుల్లో కన్నా నిలవ నీటిలో, అంటే చెరువులు, రిజర్వాయర్లలో ఈ గొడవ ఎక్కువ. చూడ్డానికి సరదా తగాదాలా ఉన్నా దీని వెనక డబ్బుంది, పోటీల్లో గెలుపోటములున్నాయి. అన్నిటికీ మించి నీళ్లలోకి తిరిగి వదిలేసిన చేప బతుకుతుందా లేదా అన్న ప్రశ్న ఉంది.

మన గాలానికీ దీనికీ తేడా ఏంటి?

మన ఊరి చెరువు గట్టున గాలం వేసేవాళ్లను గుర్తు చేసుకోండి. కర్రకు దారం, మధ్యలో బెండు, చివర ముల్లు, ముల్లుకు వానపాము. ఇంకాస్త దూరం పడాలంటే చిన్న సీసం గుండు కడతారు. విసిరితే ఆ గుండు బరువు ముందుకు పోతుంది, దారాన్ని వెంట లాక్కెళ్తుంది. రీలు ఉన్న రాడ్ వాడేవాళ్లదీ ఇదే సూత్రం.

ఫ్లై ఫిషింగ్‌లో ఇది తలకిందులు. ఈక ముక్కతో కట్టిన ఫ్లైకి బరువే ఉండదు. దాన్ని చేత్తో విసిరితే కాళ్ల దగ్గరే పడుతుంది. అందుకే బరువంతా లైన్‌లో పెట్టారు. ప్లాస్టిక్ పూత ఉండే మందపాటి లైన్ అది. రిజర్వాయర్లలో బాగా వాడే 7వ నంబర్ లైన్‌నే తీసుకుంటే, మొదటి 30 అడుగుల బరువు దాదాపు 12 గ్రాములు. రాడ్‌ను వెనక్కీ ముందుకీ ఊపితే ఆ లైన్ గాలిలో వంపు తిరుగుతూ విచ్చుకుంటుంది. ఆ సీన్ మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. లైన్ చివర సన్నటి దారం, దాని చివర ఫ్లై. లైన్ ఎటు పోతే ఫ్లై అటు పోతుంది.

కాబట్టి టెక్నికల్‌గా నిర్వచనం ఒక్క ముక్కలో అయిపోతుంది. లైన్ బరువుతో విసిరితే ఫ్లై ఫిషింగ్, ఎర బరువుతో విసిరితే కాదు. ఇంతవరకూ గొడవ లేదు. కానీ చాలామంది ఇక్కడితో ఆగరు. ఫ్లై అనేది చేప నిజంగా తినే పురుగులా ఉండాలంటారు కొందరు. చేప పట్టిన సంగతి లైన్ మీద చేతికి తెలియాలే తప్ప బెండు చెప్పకూడదంటారు ఇంకొందరు. అసలు పేచీ అంతా ఈ అదనపు షరతుల దగ్గరే.

వందేళ్ల కిందట కూడా ఇదే రచ్చ

ఈ గొడవ ఈనాటిది కాదు. దక్షిణ ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో సుద్ద నేలల్లోంచి ఊరే తేట నీటి నదులున్నాయి. టెస్ట్, ఇచెన్ అలాంటివే. 19వ శతాబ్దం చివర్లో ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ అనే ఆయన ఈ నదుల అనుభవంతో పుస్తకాలు రాశారు. మొదటిది 1886లో వచ్చింది. ఆయన బాటలో నడిచినవాళ్ల లెక్క ప్రకారం, నీటి పైకి వచ్చి పురుగును తింటున్న చేపను ముందు కళ్లతో చూడాలి. ఆ తర్వాత ఆ పురుగులాగే ఉండి నీటిపై తేలే 'డ్రై ఫ్లై'ని ప్రవాహానికి ఎదురుగా, దాని ముందు పడేలా వేయాలి. మిగతా పద్ధతులన్నీ పెద్దమనుషులు చేసే పనులు కావన్నట్టు తయారైంది వ్యవహారం.

దీనికి ఎదురు చెప్పింది జీ.ఈ.ఎం. స్కూస్ అనే లండన్ లాయర్. ట్రౌట్ ఎక్కువగా తినేది నీటి కిందే కదా, అలాంటప్పుడు నీటి కింద ఈదే పిల్ల పురుగు 'నింఫ్'లాంటి ఫ్లై వేస్తే తప్పేంటి అన్నది ఆయన వాదన. 1910లో దానిపై పుస్తకం కూడా తెచ్చారు. అయినా గొడవ చల్లారలేదు. 1938లో లండన్‌లోని ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో నింఫ్ వాడొచ్చా, వాడకూడదా అని ఏకంగా చర్చ పెట్టారు. అప్పటికి స్కూస్ వయసు 79 ఏళ్లు. హాల్‌ఫర్డ్ చనిపోయి 20 ఏళ్లు దాటిపోయింది.

విచిత్రం ఏంటంటే, అప్పుడు మోసం అన్న ఆ నింఫ్‌నే ఇప్పుడు సంప్రదాయవాదులు 'అసలైన ఫ్లై ఫిషింగ్'కు ఉదాహరణగా చూపిస్తున్నారు. నేటి నకిలీ రేపటి సంప్రదాయం కావడం ఈ ఆటలో మామూలే.

నది రూల్స్ రిజర్వాయర్‌కు ఎలా వచ్చాయి?

హాల్‌ఫర్డ్ రూల్స్ పుట్టింది పారే నీటిలో. అక్కడ పురుగు చేప దగ్గరకు కొట్టుకొస్తుంది. నిలవ నీటిలో అలా జరగదు. తిండి కోసం చేపే తిరుగుతుంది. చాలాసార్లు అది ఎక్కడుందో గట్టు మీదున్న మనిషికి కనిపించదు. 10 అడుగుల లోతులో ఉండొచ్చు, 30 అడుగుల లోతులోనూ ఉండొచ్చు. నది రూలు ఇక్కడ పెట్టడమంటే టెస్ట్ క్రికెట్ రూల్స్‌తో గల్లీ మ్యాచ్ ఆడించినట్టే.

బ్రిటన్‌లో పెద్ద రిజర్వాయర్లలో ట్రౌట్ పట్టడానికి నాంది బ్రిస్టల్ దగ్గరున్న బ్లాగ్డన్ అని చెబుతారు. నగరానికి తాగునీటి కోసం కట్టిన ఆ జలాశయంలో 1904లో చేపలు పట్టడం మొదలైంది. తొలి రోజుల్లో పెద్ద సైజు మెరుపు ఫ్లైలే వాడేవారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ప్రాంతానికి వచ్చిన డాక్టర్ బెల్ అనే వైద్యుడు రూటు మార్చారు. పట్టిన చేప కడుపు కోసి, అది ఏం తిందో చూసి, ఆ పురుగుల్లాంటి ఫ్లైలే కట్టారు. రిజర్వాయర్‌లో నింఫ్ వాడకానికి దారి వేసింది ఆయనే అంటారు.

ఆ పురుగుల్లో ముఖ్యమైనది 'బజర్'. దోమలా ఉంటుంది కానీ కుట్టదు. దీని పిల్ల దశ చూడాలంటే బ్రిటన్ దాకా వెళ్లక్కర్లేదు. అక్వేరియం షాపుల్లో చేపల మేతగా అమ్మే ఎర్రటి బ్లడ్‌వార్మ్స్ ఈ కుటుంబానివే.

1952లో టామ్ ఐవెన్స్ రాసిన 'స్టిల్ వాటర్ ఫ్లై ఫిషింగ్' పుస్తకం మామూలు జనానికి ఈ ఆటను దగ్గర చేసింది. ఆయన కట్టిన ఫ్లైలలో ఒకటి జెర్సీ హెర్డ్. బంగారు రంగులో మెరుస్తుంది. ఆ పేరు జెర్సీ ఆవు పాల సీసాల బంగారు రంగు రేకు మూత నుంచి వచ్చిందని చెబుతారు. పాల సీసా మూతలాంటి పురుగు ఏ చెరువులోనూ ఉండదు. అయినా ఇప్పుడు అది క్లాసిక్.

తర్వాత చ్యూ వ్యాలీ, 1966లో గ్రాఫమ్, 1977లో రట్లండ్ వాటర్ వచ్చాయి. ఒక్క రట్లండ్ విస్తీర్ణమే దాదాపు 3,100 ఎకరాలు. ఫ్యాక్టరీలో, ఆఫీసులో పనిచేసేవాళ్లు కూడా డే టికెట్ కొని ట్రౌట్ పట్టే రోజులొచ్చాయి. నదిలో సొంత వాటా ఉన్నవాళ్ల ఆట అందరి ఆట అయింది. రూల్స్ గొడవకు ఈ మార్పు కూడా ఓ కారణం.

ఇంకో సంగతి మర్చిపోకూడదు. ఈ రిజర్వాయర్లలో ఎక్కువగా దొరికేది రెయిన్‌బో ట్రౌట్. అది బ్రిటన్ చేపే కాదు. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరం నుంచి 1880లలో తెచ్చారు. బ్రిటన్ చెరువుల్లో పెద్దగా పిల్లలు పెట్టదు కాబట్టి ఫామ్‌లో గుళికల మేతతో పెంచి, ట్యాంకర్లో తెచ్చి వదులుతారు. మనిషి కట్టిన చెరువులో, మనిషి పెంచిన పరదేశీ చేపను పడుతూ 'సహజం' గురించి వాదించుకోవడం కాస్త నవ్వు తెప్పించే విషయమే.

బెండు కడితే ఫ్లై ఫిషింగ్ కాదా?

ఇప్పుడు అసలు తగాదాలోకి వద్దాం. ఇంగ్లిష్ యాంగ్లర్లు 'బంగ్' అనే వస్తువు మన బెండే. ఫోమ్‌తో చేస్తారు. దాని కింద సన్న దారానికి ఒకటో రెండో బజర్ ఫ్లైలు వేలాడదీస్తారు. గాలికి నీళ్లు అలలాడుతుంటే అవి కావలసిన లోతులోనే మెల్లగా ఊగుతాయి. చేప నోట్లో పెట్టుకోగానే బంగ్ మునుగుతుంది.

వ్యతిరేకించేవాళ్ల మాట ఏంటంటే, ఫ్లై ఎంత లోతులో ఉందో అంచనా వేయడం, లైన్‌ను వేళ్లతో మెల్లగా లాగడం, చేప ముట్టుకున్న ఆ చిన్న తేడాను పసిగట్టడం, అసలు నైపుణ్యమే ఇదంట. బంగ్ పెడితే ఇవన్నీ అదే చేసి పెడుతుంది. మరి అది వానపాము లేని గాలమే కదా అంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు.

సమర్థించేవాళ్లు మాత్రం, లైన్‌తోనే విసిరాం, చివర ఉన్నది కట్టిన ఫ్లైనే, ఇంకేం కావాలి అని అడుగుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు, పిల్లలు, ఎక్కువసేపు రాడ్ ఊపలేని పెద్దవాళ్లు ఒక్క చేపైనా పట్టేది దీనితోనే అని గుర్తు చేస్తారు.

మరో చిక్కు ఉంది. ఫోమ్ బెండు బదులు గుబురుగా ఉండే పెద్ద డ్రై ఫ్లైని కట్టి, దాని కింద నింఫ్ వేలాడదీస్తే? పైన ఉన్నది చేసే పని బెండు పనే. కానీ దానికీ ముల్లు ఉంది, అప్పుడప్పుడు చేప దాన్నీ పట్టుకుంటుంది. బంగ్ వద్దనే చాలామంది దీన్ని ఒప్పుకుంటారు. ప్రపంచ పోటీలు నిర్వహించే ఫిప్స్-మూష్ సమాఖ్య రూల్స్ కూడా దాదాపు ఇంతే. దారానికి విడిగా బెండు, బరువు కట్టకూడదు. వాసన పూసిన ఫ్లైలు కూడదు. ముల్లుకు వెనక్కి తిరిగిన కొక్కి ఉండకూడదు. తేలే ఫ్లైకి మాత్రం అభ్యంతరం లేదు. పోటీలో అందరికీ ఒకే గీత ఉండాలి కాబట్టి ఎక్కడో ఒకచోట గీశారు. ఆదివారం సరదాగా చెరువుకు వచ్చిన మనిషికి ఆ గీత ఎందుకు వర్తించాలన్నది వేరే ప్రశ్న.

గులాబీ బంతి, రబ్బరు పాము

ఇక బ్లాబ్. మెరిసే ప్లాస్టిక్ పోగులతో కట్టిన రంగు రంగుల ఉండ. ఏ పురుగు ఇది అని అడిగితే చెప్పడం కష్టం. నీటిలో గుంపులుగా ఉండే డాఫ్నియా అనే అతి చిన్న జీవులను ట్రౌట్ తింటుందని, ఆ గుంపులా కనిపిస్తుందని కొందరు సర్దిచెబుతారు. 'ఎగ్' ఫ్లైదీ అలాంటి కథే. పేరుకు చేప గుడ్డు, చేప కంటికి బహుశా ఫామ్‌లో తిన్న మేత గుళిక.

అన్నిటికంటే ఎక్కువ తిట్లు తినేది స్క్వర్మీ. సాగే రబ్బరు లాంటి పోగుతో చేసిన వానపాము. నీటిలో మెలికలు తిరుగుతుంది. అసలు వానపాము పెడితే గట్టు మీద నుంచి పంపేస్తారు, రబ్బరు వానపాము పెడితే మాత్రం ఫ్లై ఫిషింగ్. కొన్ని చెరువుల యజమానులు దీన్ని నిషేధించింది ఇందుకే.

'పురుగులా లేదు కాబట్టి ఫ్లై కాదు' అనే వాదన మాత్రం నిలబడదు. బుచర్, డంకెల్డ్ లాంటి పాత సంప్రదాయ వెట్ ఫ్లైలు కూడా ఏ పురుగుకూ నకళ్లు కావు. మెరుపు, రంగు, కదలిక చూసి చేప వాటి మీద పడుతుంది. తాత వాడిన మెరుపు సంప్రదాయం, మనవడు వాడే మెరుపు మోసం అంటే ఎలా?

అసలు ప్రమాదం బూబీతో

నిజంగా ఆలోచించాల్సింది ఇక్కడ. 'బూబీ' అనే ఫ్లైకి కళ్ల స్థానంలో రెండు ఫోమ్ గుండ్లు ఉంటాయి. దాంతో అది పైకి తేలుతుంది. దీన్ని వేగంగా మునిగే లైన్‌కు పొట్టి దారంతో కడితే, లైన్ అడుగున పడుకుంటుంది, ఫ్లై మాత్రం అడుక్కి కాస్త పైన గాలిపటంలా తేలుతూ ఉంటుంది. తీరిగ్గా లాగితే పైకీ కిందకీ కదులుతుంది. చలికాలంలో, చేప బద్ధకంగా లోతున ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. ఇంతవరకూ తెలివైన పద్ధతే.

సమస్య ఎప్పుడంటే, దాన్ని కదపకుండా అలాగే వదిలేసినప్పుడు. లైన్ బిగువుగా ఉండదు కాబట్టి చేప ఫ్లైని నోట్లో పెట్టుకున్నా చేతికి తెలియదు. చేపకూ ఏ లాగుడూ తగలదు. మెత్తటి ఫోమ్‌ను మింగేస్తుంది. తెలిసేసరికి ముల్లు గొంతులోకో, మొప్పల దగ్గరకో వెళ్లిపోయి ఉంటుంది. పెదవికి ముల్లు గుచ్చుకున్న చేపను నీటిలోనే విడిపించి వదిలేస్తే ఈదుకుంటూ పోతుంది. మొప్పలు చిరిగి రక్తం కారుతున్న చేప వదిలినా బతకడం కష్టం.

పట్టిన చేపను ఇంటికి తీసుకెళ్లి వండుకునేచోట ఇది పెద్ద విషయం కాదు. కానీ చాలా చెరువుల్లో ఇప్పుడు పట్టి వదిలేయడమే పద్ధతి. యజమాని డబ్బు పెట్టి వదిలిన చేపను ఒకరు పట్టి వదిలితే, మర్నాడు ఇంకొకరు టికెట్ కొని పట్టాలి. గొంతులో ముల్లు దిగిన చేప ఆ రాత్రి అడుగున చచ్చిపోతే ఎవరికీ కనిపించదు. అందుకే చాలా ఫిషరీల్లో బూబీపై ఆంక్షలున్నాయి. కొన్నిచోట్ల పూర్తిగా నిషేధం. కొన్నిచోట్ల మునిగే లైన్‌తో వాడకూడదు. ఇంకొన్నిచోట్ల కదపకుండా వదిలేయకూడదు, లాగుతూ ఉండాలి.

మిగతా వాదనలన్నీ అభిరుచికి సంబంధించినవైతే ఇది వేరు. బంగ్ వేళ్ల నైపుణ్యాన్ని తగ్గిస్తుందేమో గానీ, బెండు మునగగానే తెలిసిపోతుంది కాబట్టి చేప ముల్లును మింగే అవకాశం తక్కువ. సంప్రదాయంగా కనిపించే పద్ధతి అయినా సరే, లైన్‌ను పట్టించుకోకుండా వదిలేస్తే చేపకు అదే గతి. అంటే 'నకిలీ' అని వెక్కిరింపు పడే పద్ధతి కొన్నిసార్లు చేపకు మేలు, 'అసలు' అనిపించుకున్నది కీడు. బోర్డు మీద రూల్ రాసేటప్పుడు ఫ్లై పేరు కన్నా ముల్లు ఎక్కడ దిగుతుందన్నదే చూడాలి. వేసవి విషయమూ అంతే. నీరు 20 డిగ్రీలు దాటాక ట్రౌట్‌కు ఆక్సిజన్ చాలదు. అప్పుడు ఎంత క్లాసిక్ డ్రై ఫ్లైతో పట్టి వదిలినా చేప కోలుకోకపోవచ్చు.

గొంతులో ముల్లు దిగితే ఏం చేయాలి? పీకకూడదు. చేపను నీటిలోనే ఉంచి, ముల్లుకు వీలైనంత దగ్గరగా దారం కత్తిరించాలి. కొక్కి లేని ముల్లైతే ఊడి వచ్చే అవకాశం ఎక్కువ.

యూకేలో ఉన్న తెలుగువాళ్లు ఇవి చూసుకోండి

మన దేశంలో ట్రౌట్ అంటే నీలగిరులు, మున్నార్, హిమాచల్, కశ్మీర్ లాంటి చల్లటి చోట్లే. బ్రిటిష్ వాళ్ల హయాంలో తెచ్చి వదిలినవి. కానీ చదువు కోసమో, ఉద్యోగం కోసమో ఇంగ్లండ్ వెళ్లిన తెలుగువాళ్లు వీకెండ్‌లో రాడ్ పట్టుకుని చెరువుకు వెళ్లాలనుకుంటే కొన్ని సంగతులు తెలిసి ఉండాలి.

ఇంగ్లండ్, వేల్స్‌లో 13 ఏళ్లు దాటినవాళ్లు మంచినీటిలో ట్రౌట్ పట్టాలంటే ప్రభుత్వ రాడ్ లైసెన్స్ ఉండాల్సిందే. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకు ఉచితం. లైసెన్స్ లేకుండా పట్టుబడితే జరిమానా 2,500 పౌండ్ల వరకూ పడొచ్చు. ఫిషరీ డే టికెట్ దీనికి అదనం. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవద్దు.

టికెట్ కొనేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. బంగ్ వాడొచ్చా? బూబీ, బ్లాబ్, స్క్వర్మీలకు అనుమతి ఉందా? ముల్లుకు కొక్కి ఉండొచ్చా? పట్టిన చేపను తీసుకెళ్లొచ్చా, వదిలేయాలా? ఒక చెరువులో ఓకే అన్నది పది మైళ్ల దూరంలోని ఇంకో చెరువులో నిషేధం కావొచ్చు. తీసుకెళ్లే టికెట్ అయితే ఎన్ని చేపలన్న లెక్క కూడా ఉంటుంది. కొన్నిచోట్ల ఆ లెక్క పూర్తయ్యాక, పట్టి వదిలేస్తామన్నా ఒప్పుకోరు, రాడ్ సర్దేయాల్సిందే.